పద్యనాటక నటుడు సాంఘిక నాటకంలోకి వచ్చినప్పుడు: ఒక నటశిక్షకుడి కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాదులో తెలుగు నాటకం ఒకేసారి రెండు మూడు రకాలుగా బతుకుతోంది. రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో హార్మోనియం శ్రుతి మీద పద్యనాటకం నడుస్తున్న సాయంత్రమే, బంజారాహిల్స్‌లోని లామకాన్ వంటి చోట రెండు కుర్చీలు, ఒక బల్ల మాత్రమే పెట్టుకుని ఈ కాలపు కుటుంబం గురించి నాటకం ఆడుతూ ఉండవచ్చు. ఒక చోట పండిన నటుడు రెండో చోట నిలవలేడన్న మాట ఈ రంగంలో తరచుగా వినిపిస్తుంది. నేను ఆ మాటను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో వివరించడానికి ఈ కేసు అక్కరకు వస్తుందని రాస్తున్నాను. ఇందులోని మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, నాటకం పేరు చెప్పడం లేదు, కథను కూడా కొంత మార్చాను.

నటుడి వయసు అరవైకి దగ్గర. కుర్రతనం నుంచి కోస్తా జిల్లాల పద్యనాటక సమాజాలలో పెరిగి, రాజపాత్రలకు పేరు తెచ్చుకుని, ఉద్యోగ విరమణ తర్వాత నగరంలో కొడుకు దగ్గర స్థిరపడ్డారు. బృందమంతా ఆయనను మాస్టారూ అని పిలిచేది. మిగిలిన నటీనటులు మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్‌కు వచ్చే యువతీయువకులు. వారు వర్క్‌షాపులలో వాస్తవిక నటన నేర్చుకున్నారు, పద్యనాటకాన్ని మాత్రం దగ్గరగా చూసినవారు కారు.

నాటకం కొత్త రచన, మూడు రంగాలు. పల్లెటూరి నుంచి కూతురి ఫ్లాటుకు వచ్చిన తండ్రి, ఊళ్లో ఇల్లు అమ్మేసిన సంగతిని దాచిపెడతాడు. మూడో రంగం వరకు ఆ సంగతి కూతురికే కాదు, ప్రేక్షకుడికి కూడా తెలియకూడదు. రిహార్సళ్లు సగానికి పైగా అయిపోయిన తర్వాత, ప్రదర్శన తేదీ ఖరారై ఉండగా, దర్శకుడు నన్ను పిలిచారు.

ఎదురైన సమస్య

దర్శకుడు సమస్యను ఒక్క ముక్కలో చెప్పారు: "మాస్టారు ఓవర్ చేస్తున్నారండీ." ఇటువంటి సందర్భాలలో దాదాపు అందరూ వాడే మాట ఇదే. అది చూసేవారి ఇబ్బందిని చెబుతుంది గాని నటుడు ఏం చేస్తున్నాడో చెప్పదు. అందువల్ల ముందుగా ఏ సలహా ఇవ్వకుండా, ఆపకుండా మొత్తం నాటకాన్ని ఒకసారి ఆడించి చూశాను.

మొదటి రంగంలో తండ్రి సంచీతో తలుపు తోసుకుని లోపలికి వస్తాడు. మాస్టారు లోపలికి వచ్చి, సంచీ దించి, నేరుగా వేదిక ముందుభాగంలో సరిగ్గా మధ్యకు నడిచి నిలబడ్డారు. కూతురు పాత్రధారిణి ఎడమవైపు వెనక, వంటగది గట్టు దగ్గర ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు ఆయన హాలు వైపు చూస్తూ జవాబు చెప్పారు. "రైలు ఆలస్యమైందమ్మా" అన్న చిన్న మాటలో చివరి అక్షరాన్ని సాగదీసి, దాదాపు ఒక స్వరం మీద నిలిపారు. కుడిచెయ్యి ఛాతీ ఎత్తుకు లేచి, మాట ముగిసేవరకు దిగలేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆయన ముఖంలో అప్పటికే దుఃఖం ఉంది. ఇల్లు పోయిందన్న బాధ మూడో రంగంలో బయటపడాలి. ఆయన దాన్ని గుమ్మంలోనే చూపించేశారు.

ఆ అమ్మాయి ఏం చేసిందో కూడా చూడాలి. ఆయన గొంతు పెరిగిన ప్రతిసారీ ఆమె తన గొంతును ఇంకాస్త తగ్గించింది, భుజాలు ముడుచుకుంది, చూపు దించేసింది. తన పద్ధతి సహజమైనదని నిరూపించుకోవాలన్న పట్టుదల అందులో ఉంది. ఫలితంగా ఆయన మాట హాలంతా నిండుతుంటే ఆమె మాట మూడో వరుసకు కూడా చేరలేదు. ఒకే గదిలో తండ్రీకూతుళ్లు ఉన్నట్టు ఎక్కడా అనిపించలేదు.

కారణాల గురించి ఆలోచన

ఆయన చేసిన ప్రతి పనికీ ఆయన నేర్చుకున్న రంగస్థలంలో సరైన కారణం ఉంది. పద్యనాటకంలో నటుడు మధ్యకు వస్తాడు, ఎందుకంటే మైకు అక్కడ ఉంటుంది. చూపు ప్రేక్షకుల వైపే ఉంటుంది, ఎందుకంటే పద్యం ఎదుటి పాత్రతో చెప్పేదే అయినా అందుకోవలసినది సభ. పాదం చివర రాగం నిలుస్తుంది కనుక మాట చివర ఊపిరిని దాచుకోవడం నటుడికి అలవాటు. నాట్యశాస్త్రం రాసిన భరతుడి పరిభాషలో చెబితే, వేదిక కట్టుబాట్ల ప్రకారం సాగే ఇటువంటి నటన నాట్యధర్మి. లోకంలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో అలా చూపించడం లోకధర్మి. ఈ రెండింటినీ నాట్యశాస్త్రమే గుర్తించింది గాని, ఒకదాన్ని నటనగానూ రెండోదాన్ని అతిగానూ విడదీయలేదు. పద్యం రాజ్యమేలిన కాలంలోనే ప్రసిద్ధ నటుడు బళ్లారి రాఘవ రాగాలాపన కంటే పాత్ర భావానికి పెద్దపీట వేసి పేరు పొందారు. కాబట్టి ఈ రెండు ధర్మాలూ ఒక నటుడిలో కలిసి ఉండవన్న వాదనకు మన రంగస్థల చరిత్రలోనే జవాబు ఉంది.

ముందుగానే దుఃఖం చూపించడం మీద నేను ఎక్కువసేపు ఆలోచించాను. అది నటన కంటే ముందు ఇతివృత్తానికి సంబంధించినది. అరిస్టాటిల్ నాటకానికి చెప్పిన ఆరు అంగాలలో ఇతివృత్తం మొదటిది, తర్వాత పాత్ర, ఆలోచన, భాష, సంగీతం, దృశ్యం. పౌరాణిక నాటకంలో ఇతివృత్తం ప్రేక్షకుడికి ముందే తెలుసు. హరిశ్చంద్రుడు కాటికి చేరతాడని, రాయబారం విఫలమవుతుందని తెలిసే జనం వస్తారు. ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ అక్కడ లేదు. ఈ నటుడు ఆ ఘట్టాన్ని ఎంత గొప్పగా పలుకుతాడోనన్న ఎదురుచూపు ఉంటుంది. అందువల్ల రాబోయే దుఃఖపు ఛాయను ముందు నుంచే ముఖంలో నిలపడం అక్కడ గుణం. మా నాటకంలో కథ ఎవరికీ తెలియదు, పైగా ఒక రహస్యం మీద నిలబడి ఉంది. రహస్యాన్ని మోస్తున్నవాడు దాన్ని ముఖం మీద రాసుకుని వస్తే రెండు రంగాల సంభాషణ వృథా అవుతుంది. కథ ఎవరికి ఎప్పుడు తెలుస్తుందన్నది ఈ విధంగా నటనశైలిని నిర్ణయిస్తుంది. ఈ సంగతి దర్శకుడు మాస్టారికి చెప్పలేదు, చెప్పాలని ఆయనకు తోచలేదు కూడా.

ఫలించని ప్రయత్నాలు

నేను రాకముందే దర్శకుడు ఒక మార్గం పట్టారు: తగ్గించమని చెప్పడం. గొంతు తగ్గించండి, చెయ్యి దించండి, ముఖంలో అంత వద్దు. వ్యవధి తక్కువగా ఉన్నప్పుడు ఏ దర్శకుడైనా మొదట చేసేది ఇదే, కొందరు నటుల విషయంలో ఇది పనిచేస్తుంది కూడా. అందుకే నేను దాన్ని వెంటనే ఆపలేదు, ఏం జరుగుతుందో గమనించాను. మాస్టారు విధేయంగా తగ్గించారు. గొంతుతో పాటు ఊపిరి కూడా తగ్గి, మాటలు మధ్యలో విరిగిపోయాయి. చేతులు పక్కన వేలాడుతూ, ఏం చేయాలో తెలియక వేళ్లు పంచె అంచును నలిపాయి. ఎన్నో ఏళ్లుగా శరీరం, గొంతు, భావం ఒకే ఊపిరి మీద నడవడానికి అలవాటుపడిన మనిషిలో ఒక్క గొంతునే తగ్గించడం సాధ్యం కాదు. ఆ రోజు ఆయన అడిగిన ప్రశ్న ఇది: "ఇంత చిన్నగా చెబితే వెనక కూర్చున్నవాళ్లకి ఏం వినపడుతుందండీ? వాళ్లూ టిక్కెట్టు కొనుక్కునే వస్తారు కదా?" ఆ ప్రశ్నలో ఆయన వృత్తిధర్మం ఉంది. దానికి సరైన జవాబు దొరకకుండా ఆయనను మార్చాలనుకోవడం అన్యాయమని నాకు అనిపించింది.

తర్వాత రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ నటనా పద్ధతిలోని భావస్మృతి అభ్యాసాన్ని ప్రయత్నించాం. సొంత జీవితంలో ఏదైనా పోగొట్టుకున్న సందర్భాన్ని, ఆ నాటి చోటును, వాసనను, వెలుతురును గుర్తుచేసుకుని, ఆ స్థితి నుంచి పాత్ర మాటలోకి రావాలి. యువ నటులకు ఈ అభ్యాసం పరిచితం గనుక, ఆయన కూడా ఇందులో ఉంటే ఇద్దరికీ ఒక ఉమ్మడి భాష ఏర్పడుతుందని భావించాం. మాస్టారు కళ్లు మూసుకున్న కొద్దిసేపటికే కన్నీళ్లు పెట్టుకున్నారు, గది నిశ్శబ్దమైపోయింది. కానీ మాట మొదలుపెట్టగానే పాత సమస్య మరింత బలంగా తిరిగివచ్చింది. లోపలి భావం ఒంట్లో బయటపడే తీరులను మన సంప్రదాయం అశ్రువు (కన్నీరు), స్వరభేదం (గొంతు మారడం), స్తంభం (కొయ్యబారడం) వంటివి కలిపి ఎనిమిది సాత్త్విక భావాలుగా లెక్కపెట్టింది. ఆయన వాటిని కోరినప్పుడు కోరినంత మేరకు తెచ్చుకోగల నటుడు. భావం లేక ఇబ్బంది పడుతున్న మనిషి కాదు, భావాన్ని దాచవలసిన చోట దాచలేక ఇబ్బంది పడుతున్న మనిషి. అటువంటివారికి మరింత భావం తోడిచ్చే అభ్యాసం పనికిరాదు. స్టానిస్లావ్‌స్కీ కూడా చివరి దశలో భావాన్ని నేరుగా తట్టిలేపడం కంటే, పాత్ర చేసే భౌతిక చర్యల మీద ఎక్కువగా ఆధారపడ్డారన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఈ దశలో ఒక మిత్రుడు, ఆయనను అలాగే వదిలేసి ఆ తేడానే శైలిగా చూపించమని సూచించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ నటన చూసి, పాత్రకూ నటుడికీ మధ్య దూరం పాటించే పద్ధతి గురించి రాసిన సంగతిని ఆయన ప్రస్తావించారు. సూచన ఆలోచించదగినదే. కానీ ఆ దూరం ప్రేక్షకుడిని ఒక ప్రశ్న వైపు నడిపించాలి. ఈ రచన తండ్రి మౌనాన్ని ప్రేక్షకుడు దగ్గరగా అనుభవించాలని కోరుతోంది. దూరం వల్ల రచనకు ఒరిగేది లేదని ఆ మార్గం వదిలేశాం.

మార్పు ఎక్కడ మొదలైంది

ఒక సాయంత్రం టీ విరామంలో కూతురు పాత్రధారిణి మాస్టారిని ఆయనకు ఇష్టమైన పద్యం ఒకటి చెప్పమంది. ఆయన ఉత్పలమాల ఒకటి రాగంతో పాడారు. ఆమెకు అర్థం కాక, "దీని భావం ఏంటి మాస్టారూ?" అని అడిగింది. ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకుని, అన్వయం విడదీసి, ఒక్కొక్క మాటకూ ఆమె ముఖం చూస్తూ చెప్పసాగారు. "అంటే ఏమిటమ్మా, వాడికి కోపం లేదు. కోపం ఉన్నట్టు కనిపించాలి. తెలిసిందా?" ఆమె తల ఊపకపోతే మళ్లీ ఇంకో విధంగా చెప్పారు. గొంతు ఆ రెండు కుర్చీల మధ్య దూరానికి సరిపోయింది. చేతులు అవసరమైనప్పుడే కదిలాయి. మేం ఇన్ని రోజులుగా అడుగుతున్నదంతా అక్కడే, ఎవరూ అడగకుండానే ఉంది.

ఆ సంగతి ఆయనతో అన్నాను. "ఇది నటన కాదు కదండీ, మాట్లాడటం," అన్నారు. నిజానికి ఆయన శైలి మారలేదు, ఆయన ఎవరికి చెబుతున్నారో అది మారింది. పద్యం సభకు చెప్పారు, తాత్పర్యం అమ్మాయికి చెప్పారు. అమ్మాయికి అర్థమైందో లేదో తెలుసుకోవాలన్న ఆత్రం గొంతును, చేతిని, చూపును తనంతట తానే సర్దింది. అప్పటినుంచి నేను పరిమాణం గురించి మాట్లాడటం పూర్తిగా మానేసి, ప్రతి మాటా ఎవరిని ఉద్దేశించినదో మాత్రమే అడిగాను. దీనికి ఆయనకు తెలిసిన పరిభాషే చాలు. అందరికీ వినపడేలా ప్రకాశంగా చెప్పేది, తనలో తాను స్వగతంగా చెప్పేది, ఒకరికి వినపడకుండా మరొకరితో చెప్పే జనాంతికం, ఇవన్నీ ఆయనకు కరతలామలకం. తండ్రి మాటలన్నింటినీ కలిసి కూర్చుని ఈ విధంగా విడదీసి గుర్తులు వేసుకున్నాం. మొదటి రెండు రంగాలలో సభను ఉద్దేశించిన మాట ఒక్కటి కూడా లేదని ఆయనే తేల్చారు.

తర్వాత రహస్యాన్ని పనిగా మార్చాం. ఇద్దరినీ ఎదురెదురుగా దగ్గరగా కూర్చోబెట్టి, మాస్టారికి ఒకే పని ఇచ్చాను: ప్రతి మాట తర్వాత అమ్మాయికి అనుమానం వచ్చిందో లేదో ఆమె కళ్లలో చూసి తెలుసుకోవాలి. దుఃఖం గురించి ఏమీ చెప్పలేదు. దాచేవాడు ఎదుటివాళ్లను గమనించక తప్పదు గనుక, ఆయన చూపు హాలు వదిలి ఆమె మీద నిలిచింది. ముఖంలో ముందే కనిపించే దుఃఖానికి చోటు లేకుండా పోయింది. కూతురు పాత్రధారిణి కూడా ఆ చూపుకు తట్టుకోలేక తల ఎత్తి జవాబు చెప్పవలసి వచ్చింది.

చేతుల సంగతి మిగిలింది. రెండో రంగంలో ఆయనకు ఒక పళ్లెంలో చిక్కుడుకాయలు ఇచ్చి, ఈనెలు తీస్తూ మాట్లాడమన్నాం. చెయ్యి లేపడానికి వీలులేదని చెప్పడం కంటే చేతికి పని ఇవ్వడం మేలని నా నమ్మకం. "ఇంటి తాళాలు ఎవరికిచ్చి వచ్చావు నాన్నా?" అని కూతురు అడిగిన చోట, సగం ఊడిన ఈనెను వేళ్ల మధ్య పట్టుకుని ఆయన ఆగారు. తర్వాత దాన్ని చివరిదాకా లాగి, కాయను ఈనెలు వేసే గిన్నెలో వేశారు. "పక్కింటివాళ్లకి" అన్నారు. కాయ తప్పు గిన్నెలో పడిందని కూతురు గమనించి, ఏమీ అనకుండా తీసి ఇటువైపు వేసింది. ఇది రచనలో లేదు, మేం చెప్పలేదు. దర్శకుడు దాన్ని నాటకంలో ఉంచేశారు.

వాచికంలో, అంటే మాట పలికే తీరులో, ఒక సాంకేతికమైన చిక్కు చివరిదాకా మిగిలింది. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. మామూలు సంభాషణలో ఒత్తు చాలాసార్లు క్రియకు ముందున్న మాట మీద పడి, క్రియ దగ్గర గొంతు దిగుతుంది. పద్యపాదం చివరను నిలిపే అలవాటున్న ఆయన ప్రతి క్రియనూ ఎత్తి నిలుపుతున్నారు. "పక్కింటివాళ్లకి ఇచ్చానమ్మా" అన్నప్పుడు 'ఇచ్చానమ్మా' మోగితే అబద్ధం చెబుతున్నట్టు తెలిసిపోతుంది, 'పక్కింటివాళ్లకి' మీద బరువు పడితే మామూలు మాట అవుతుంది. వాక్యంలో వినేవాళ్లకు కొత్తగా తెలియవలసిన మాట ఏదో పెన్సిలుతో గీత గీసుకుని, ఆ మాటకు చేరడానికే ఊపిరి వాడమని చెప్పాను. యతిస్థానం పాటించిన నటుడికి ఇది కష్టం కాలేదు. అభ్యాసంతో చాలావరకు కుదిరింది.

యువ నటుల వైపు

సమస్య సగం అవతలి వైపు కూడా ఉందని ముందే చెప్పాను. సహజంగా మాట్లాడటమంటే గొణగడమని, మాట చివరి అక్షరాలు మింగితే వాస్తవికత వస్తుందని మన యువ నటులలో చాలామంది భావిస్తున్నారు. కెమెరా ముందు ఆ పద్ధతి సాగుతుంది, ఎందుకంటే మైకు నటుడి దగ్గరికే వస్తుంది. వేదిక మీద అలా కుదరదు. ఈ బాధ్యతను నేను మాస్టారికే అప్పగించాను. పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతి ఉన్న ఉత్పలమాలను రాగం లేకుండా, ఒక్క అక్షరం పోకుండా, పాదాన్ని ఒకే ఊపిరిలో చదివించడం ఆయన మొదలుపెట్టారు. ఎవరి నోట ఏ ద్విత్వం తేలిపోతోందో, ఏ మహాప్రాణం జారిపోతోందో ఆయన చెవికి వెంటనే తెలిసేది. కొద్ది రోజులకే కూతురు పాత్రధారిణి గొంతు పెంచకుండానే హాలు చివరికి వినపడసాగింది. ఆయన మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఆ విధంగా ఆయన చేతనే దొరికింది.

మూడో రంగంలో ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. ఇల్లు అమ్మిన సంగతి బయటపడ్డాక తండ్రికి ఒక దీర్ఘమైన సంభాషణ ఉంది. అక్కడ కూడా కూతురి ముఖం చూస్తూనే చెప్పించాలని దర్శకుడి అభిప్రాయం. నేను వేరుగా వాదించాను. రహస్యం వీగిపోయాక ఇక గమనించవలసిన అవసరం తండ్రికి లేదు, కథ ఇక దేన్నీ దాచడం లేదు. అందువల్ల వేదిక ముందుభాగంలో ఒక కిటికీ ఉన్నట్టు ఊహించి, ఆయనను అక్కడికి నడిపించి, హాలు వైపు తిరిగి మాట్లాడనిచ్చాం. ఊపిరి నిండుగా వచ్చింది, చెయ్యి లేచింది, గొంతు తన పూర్తి పరిధిలో పలికింది. మొదటి రంగంలో అతిగా తోచిన ఆ గుణాలే ఇక్కడ పాత్రకు న్యాయం చేశాయి. ఇతివృత్తం ఒప్పుకున్న చోట ఆ శైలికి తలుపు తెరిచాం, అంతే.

ఈ కేసు నుంచి తీసుకున్నవి

ఇప్పుడు ఏ నటుడితోనైనా పని మొదలుపెట్టే ముందు రచనను ఒక ప్రశ్నతో చదువుతున్నాను: ఏ సంగతి ఏ పాత్రకు, ప్రేక్షకుడికి ఎప్పుడు తెలుస్తుంది? దీన్ని మొదటి రిహార్సల్‌లోనే అందరికీ చెబితే, ముందుగానే భావం ఒలకబోసే సమస్య చాలావరకు రాదు. "తగ్గించండి" అన్న మాటకు బదులు "ఇది ఎవరికి చెబుతున్నారు?" అని అడగమని దర్శకులను కోరుతున్నాను. భిన్న సంప్రదాయాల నటులు కలిసినప్పుడు నేర్పడం ఒక్క వైపు నుంచే సాగితే, రెండో పక్షం అవమానాన్ని మోస్తూ నటిస్తుంది. అది వేదిక మీద కనిపిస్తుంది. మాస్టారు యువ నటులకు వాచికం నేర్పడం మొదలుపెట్టిన తర్వాతే నేను చెప్పినవి నిస్సంకోచంగా స్వీకరించారు. ఆ క్రమం ముఖ్యమని భావిస్తున్నాను.

పూర్తిగా పరిష్కారం కాని అంశం ఒకటి ఉంది. చిన్న హాలులో ప్రదర్శనలు మేం కోరినట్టే నడిచాయి. తర్వాత నాటకాన్ని ఒక పెద్ద ఆడిటోరియానికి తీసుకువెళ్లినప్పుడు, పైనుంచి వేలాడే మైకులు కనిపించగానే మాస్టారు మొదటి రంగంలో మళ్లీ మధ్యకు నడిచారు. రెండో రంగంలో చిక్కుడుకాయల పళ్లెం ముందు కూర్చున్నాక సర్దుకున్నారు. పెద్ద వేదిక మీద ఇద్దరి మధ్య దూరం పెరిగితే, ఎదుటి మనిషి కళ్లలోకి చూడటమన్న మా ఆధారమే బలహీనపడుతుంది. అందుకే పెద్ద హాళ్లలో మొదటి రంగం అమరికనే మార్చాం. కూతురు వంటగది గట్టు దగ్గర ఉండకుండా తలుపు తీయడానికి ఎదురువచ్చి, ఆయన చేతిలోని సంచీ అందుకుంటుంది. సంచీ ఇద్దరి చేతుల్లో ఉన్నంతసేపు ఆయన మధ్యకు వెళ్లరు, మొదటి నాలుగు మాటలు అక్కడే గడుస్తాయి. ఆ తర్వాతి మాటలకు ఇంకా పని చేస్తున్నాం.